మనవరాలిని చూసుకుంటున్న అమ్మ ఆరోగ్యం గురించి: రోజుకు పదకొండు గంటలు ఎక్కువ కాదా?

ప్రశ్న: తెనాలి ఆడపడుచు, హైదరాబాదు

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. మా పాపకు పద్నాలుగు నెలలు నిండాయి. నా 26 వారాల ప్రసూతి సెలవు ముగిసిన నాటి నుండి, అంటే దాదాపు ఎనిమిది నెలలుగా, పగలంతా పాపను మా అమ్మే చూసుకుంటోంది. అమ్మకు 63 ఏళ్లు. నాన్నగారు తెనాలి దగ్గర మా ఊళ్ళోనే ఒంటరిగా ఉంటున్నారు. రెండెకరాల మాగాణి, ఒక పాడిగేదె ఉండగా ఆయన అక్కడి నుండి కదలలేరు, పాపను వదిలి అమ్మ ఇక్కడి నుండి కదలలేదు.

మేమిద్దరం ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే, రద్దీలో పడి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర అవుతుంది. అంట్లు తోమడానికి, ఇల్లు తుడవడానికి మనిషిని పెట్టాము కానీ, వంట మాత్రం ఎంత వద్దన్నా అమ్మే చేస్తుంది. పాపకు స్నానం చేయించడం, ఉగ్గు తినిపించడం, నిద్రపుచ్చడం అన్నీ ఆమే. ఇప్పుడు పాప నడక నేర్చింది కాబట్టి రోజంతా వెంట తిరగడం కూడా తోడైంది.

అమ్మకు ఏడేళ్లుగా షుగరు, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. ఊళ్ళో ఉన్నప్పుడు మూడు నెలల సగటు షుగరు (HbA1c పరీక్ష) 7.1 శాతం ఉండేది. పోయిన నెల పరీక్ష చేయిస్తే 8.9 వచ్చింది. మోకాళ్ళ నొప్పి పెరిగింది. కుడిచేతి బొటనవేలి మొదట్లో నొప్పి వల్ల నీళ్ళ చెంబు కూడా ఎత్తలేకపోతోంది. వీటన్నిటినీ మించి నన్ను భయపెట్టింది మరొకటి. పోయిన వారం పాపను ఎత్తుకొని ఉండగానే కళ్ళు తిరిగి, గోడ పట్టుకొని కూలబడిందట. ఆ సంగతి అమ్మ నాకు చెప్పలేదు, రెండు రోజుల తరువాత పనిమనిషి చెప్పింది. అడిగితే, "కాస్త తల తిరిగితే దానికే ఇంత రాద్ధాంతమా" అని కొట్టిపారేసింది. క్రెష్ (పగటిపూట పిల్లలను చూసుకునే కేంద్రం) మాట ఎత్తితే చాలు, "నేను బతికుండగా పిల్లను పరాయివాళ్ళ చేతిలో పెడతావా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

ఇదంతా వయసు వల్ల వచ్చినదా, లేక మేము ఆమె మీద వేసిన భారం వల్ల వచ్చినదా? రోజుకు ఎన్ని గంటల వరకు ఫరవాలేదు? ఆమె మనసు నొప్పించకుండా ఈ విషయం ఎలా మాట్లాడాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: జనరల్ మెడిసిన్ వైద్యుడు, గుంటూరు

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు కానీ, ముందుగా తేల్చవలసినది ఆ కళ్ళు తిరగడం. ఈ వారంలోనే మీ అమ్మగారిని వారి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఫోనులో అడిగి ఊరుకోవద్దు.

సగటు షుగరు 8.9 ఉన్న మనిషికి షుగరు పడిపోవడం ఏమిటని చాలామంది అనుకుంటారు, అయితే ఆ రెండూ ఒకే మనిషిలో, ఒకే రోజున జరగవచ్చు. మీ అమ్మగారు వాడే మాత్రలో గ్లిమెపిరైడ్ గానీ గ్లిక్లజైడ్ గానీ ఉందేమో చూడండి. అవి తిండితో నిమిత్తం లేకుండా షుగరును దించే మందులు. ఉదయం ఎనిమిదికి మాత్ర వేసుకొని, ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టుకునేసరికి పాప ఏడ్చిందనుకోండి. పాపను సముదాయించి, తినిపించి, నిద్రపుచ్చి మళ్ళీ పళ్ళెం దగ్గరకు వచ్చేసరికి పదకొండు అవుతుంది. ఆ మూడు గంటలలో షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, విసుగు, కళ్ళు తిరగడం అప్పుడే వస్తాయి. తరువాత ఆ నీరసానికి ఏది చేతికందితే అది, అంటే పాప వదిలేసిన బిస్కెట్లు, గిన్నెలో మిగిలిన అన్నం తింటారు కాబట్టి సాయంత్రానికి షుగరు పైకెక్కుతుంది. మనవలను చూసుకునే అమ్మమ్మలలో నేను తరచుగా చూసే వరస ఇది. కళ్ళు తిరిగినప్పుడు గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే వెంటనే తీపి ఇవ్వాలి. ఒక మెలిక ఉంది: మాత్రలో వోగ్లిబోస్ అనే మరో షుగరు మందు కూడా కలిసి ఉంటే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడినే నీళ్ళలో కలిపి ఇవ్వాలి. అందుకని ఒక గ్లూకోజు పొట్లం వంటింట్లో, మరొకటి పాప ఆడుకునే గదిలో పెద్దవారి చేతికందేలా ఉంచండి.

షుగరు సరిగానే ఉంటే బీపీని పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడాలి. నిలబడగానే పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడిపోతుంటే మందుల మోతాదు మార్చవలసి రావచ్చు. ఒక ఈసీజీ కూడా తీయించండి. షుగరు ఉన్న స్త్రీలకు గుండెజబ్బు ఛాతీనొప్పి లేకుండా, ఆయాసం, నీరసం, కళ్ళు తిరగడం రూపంలోనే బయటపడే అవకాశం ఉంది.

బొటనవేలి నొప్పి విషయానికి వస్తే, మీరు రాసినదాన్ని బట్టి అది డి కెర్వేన్ అనే జబ్బు కావచ్చు. బిడ్డ రెండు చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్ళు చాచి ఎత్తినప్పుడు ఆ బరువంతా మణికట్టు పక్కనున్న నరాల మీద (సరిగా చెప్పాలంటే కండర బంధకాల మీద) పడుతుంది. బాలింతలకూ, మనవలను ఎత్తే అమ్మమ్మలకూ ఇది మామూలే. ఆ వయసు పిల్లలు తొమ్మిది, పది కిలోలు ఉంటారు, రోజుకు కనీసం నలభైసార్లు ఎత్తి దించి ఉంటారు మీ అమ్మగారు. ఒక చేయి పిరుదుల కింద, మరొకటి వీపు వెనుక పెట్టి, బిడ్డను ఒంటికి ఆనించుకొని ఎత్తమనండి. బొటనవేలిని కదలనివ్వని పట్టీ కొన్ని వారాలు కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే ఎముకల వైద్యుడు ఇంజెక్షన్ ఇస్తారు.

స్నానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఇళ్ళలో పెద్దవారు చిన్న పీట మీద కూర్చొని, కాళ్ళు చాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్ళు పోస్తారు. నెలల బిడ్డకు అది చక్కని పద్ధతే, నేనూ అలా పెరిగినవాడినే. కానీ మోకాళ్ళు అరిగిన 63 ఏళ్ల మనిషి, జారే బిడ్డను చంకనేసుకొని, తడి నేల మీద, పీట మీది నుండి లేవడమే నాకు అన్నిటికంటే భయం కలిగించే దృశ్యం. ముట్లుడిగిన తరువాత ఎముకలు గుల్లబారి ఉంటాయి, ఒక్క జారుడుతో తుంటి విరిగినవారు నా దగ్గరకు వస్తూనే ఉంటారు. పాప స్నానం మీరు గానీ మీ భర్త గానీ ఇంట్లో ఉన్న సమయానికి మార్చండి.

మరొకటి, ఇది పాప కోసం. మీ అమ్మగారి మాత్రలు ఎక్కడ ఉంటాయి? దిండు కిందనా, చీర కొంగులోనా, భోజనాల బల్ల మీదనా? గ్లిమెపిరైడ్ మాత్ర ఒక్కటి మింగినా ఈ వయసు బిడ్డకు షుగరు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా అంతే ప్రమాదం. తాళం వేసే బీరువా పై అరలోనే పెట్టండి. ఎప్పుడైనా మింగిందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక గంటల లెక్క. దీనికి ఒక అంకె చెప్పలేను గానీ, తెలిసిన పరిశోధనలు రెండు చెబుతాను. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ స్త్రీలపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి ఒక రోజు మనవలను చూసుకున్న అమ్మమ్మలు, నాయనమ్మలు జ్ఞాపకశక్తి, చురుకుదనం పరీక్షలలో మెరుగ్గా నిలిచారు. వారానికి అయిదు రోజులు, అంతకు మించి చూసుకున్నవారు కొన్ని పరీక్షలలో వెనుకబడ్డారు. అమెరికాలో నర్సులపై జరిపి 2003లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, వారానికి తొమ్మిది గంటలు, ఆపైన మనవలను చూసుకున్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇవి మన దేశపు లెక్కలు కావు, ఒకదాని వల్లనే మరొకటి జరిగిందని కూడా నిరూపించవు. అయినా మీ అమ్మగారి లెక్క వారానికి 55 గంటలు అని గుర్తు పెట్టుకొని వాటిని చదవండి.

ఏటా ఫ్లూ టీకా, వైద్యుడిని అడిగి న్యుమోనియా టీకా వేయించండి. పాప క్రెష్‌కు వెళ్ళడం మొదలుపెడితే జలుబులు ఇంటికి తెస్తుంది, వాటిలో సగం అమ్మమ్మకే అంటుకుంటాయి.

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం, ప్రస్తుతం బెంగళూరు

డాక్టరుగారు శరీరం సంగతి చెప్పారు. నేను మీ అమ్మగారి వైపు నుండి మాట్లాడతాను, ఎందుకంటే ఆమె దాచిన సంగతి నేనూ దాచాను. నాకు 67 ఏళ్లు. అయిదేళ్లుగా మా అబ్బాయి పిల్లలిద్దరినీ చూసుకుంటున్నాను.

కళ్ళు తిరిగిన సంగతి ఆమె ఎందుకు చెప్పలేదో మీకు అర్థమైందా? మీరు కంగారు పడతారని కాదు. చెబితే, తాను పనికిరాని మనిషినని మీరు తేల్చేస్తారని. ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పి విరమించిన తరువాత మళ్ళీ నన్ను ఒకరు రోజంతా కావాలనుకోవడం ఎంత గొప్పగా ఉండేదో మాటలలో చెప్పలేను. అసలు కంటే వడ్డీ ముద్దు అని ఊరికే అనలేదు పెద్దలు. అలాంటి స్థానాన్ని ఒక తల తిరుగుడు కోసం ఎవరు వదులుకుంటారు? మీరు క్రెష్ అన్నప్పుడు ఆమెకు వినిపించినది "నీ పని అయిపోయింది" అన్న మాట.

అయితే ఆ సంతోషం అడుగున ఏమేమి ఉంటాయో కూడా చెబుతాను. మా అబ్బాయి ఆఫీసు నుండి మధ్యాహ్నం ఫోను చేస్తే మొదటి మాట, "వాడు తిన్నాడా?" నేను తిన్నానా అని అడిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాడు చెడ్డవాడు కాదు, నేను అమ్మను కాబట్టి నా తిండి గురించి అడగాలని వాడికి తట్టలేదు. మనవడు పరుగెత్తి పడి నుదురు బొప్పి కట్టిన రోజున కోడలు ఒక్క మాట అనలేదు, కానీ ఆ బొప్పి వంక చూసిన చూపు నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వలేదు. తన బిడ్డను తాను పడేసుకున్న తల్లికి ఉండే ధీమా నాయనమ్మకు ఉండదు, ఎందుకంటే ఆమె చేతిలో ఉన్నది ఒకరు అప్పగించిన బిడ్డ.

చెప్పడానికి సిగ్గుపడే విషయం మరొకటి. బిడ్డను వదిలి స్నానాలగదికి వెళ్ళలేక, గంటల తరబడి ఆపుకునేదాన్ని. వెళ్ళవలసిన అవసరమే రాకూడదని నీళ్ళు తాగడం తగ్గించాను. ఒకే ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. షుగరు ఉన్నవారికి అది ఇంకా తొందరగా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చివరకు, పిల్లవాడిని కూర్చోబెట్టి తలుపు వేయగలిగే కర్ర చట్రం ఒకటి కొనమని అడగడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. మీ ఇంట్లో అలాంటిది లేకపోతే రేపే తెప్పించండి. ఆమె అడగదు.

మీరు సాయంత్రం ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందో గమనించండి. మీరు స్నానం చేసి, టీ తాగి, ఫోను చూసుకొని పాపను ఎత్తుకునేసరికి ఎనిమిదిన్నర అవుతుందేమో. వంట ఆమెదే అంటున్నారు. అంటే పదకొండు గంటలని మీరు రాసినది పన్నెండున్నర, పదమూడు. రాత్రి పాప ఎవరి పక్కన పడుకుంటుందో మీరు రాయలేదు.

మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు చెబుతాను, మీకు సరిపోయినంత తీసుకోండి. శని, ఆదివారాలు పిల్లలు నా బాధ్యత కాదు. ఆ రెండు రోజులు పిల్లవాడు నాయనమ్మా అని ఏడ్చినా వాడి నాన్నే చూసుకుంటాడు. మొదట్లో నేనే ఉండలేక మధ్యలో దూరేదాన్ని, ఇప్పుడు పార్కుకు వెళ్ళిపోతాను. ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు వారాలు, రాజమండ్రి వెళ్ళి గోదావరి గట్టున మా స్నేహితురాళ్ళతో నడుస్తాను. ఆ తేదీలు జనవరిలోనే రాసి గోడకు తగిలిస్తాము, ఆఫీసు పనుల కోసం వాటిని కదపకూడదన్నది ఒప్పందం. నా ఖాతాలో నెలనెలా కొంత డబ్బు వేస్తారు. అది జీతం కాదు, జీతమంటే నేను తీసుకునేదాన్ని కాదు. కానీ మందుల కొట్టుకు వెళ్ళినప్పుడు కొడుకును చేయి చాచి అడిగే పని తప్పింది. ఈ నగరంలో మనవడి నోటి నుండి నేను కన్నడం నేర్చుకున్నాను, కూరగాయల బండి దగ్గర ఇప్పుడు బేరం కూడా ఆడగలను.

ఎలా మాట్లాడాలి అన్నారు. పాపకు తోటిపిల్లలు కావాలనో, ఆఫీసులో క్రెష్ తప్పనిసరి అన్నారనో సాకులు చెప్పవద్దు. ఆమె మీ తల్లి, మీ అబద్ధం ఆమెకు ఇట్టే తెలిసిపోతుంది. వైద్యుడి ముందు మీరిద్దరూ కూర్చొని, ఆయన చేత చెప్పించండి. తరువాత, ఏయే రోజులు పాప తన దగ్గర ఉండాలో ఆమెనే నిర్ణయించమనండి.

సమాధానం: కాకినాడ నుండి ఒక తాత

నాకు ఈ చర్చ నచ్చలేదు. మా కాలంలో ఇంట్లో ఆరుగురు పిల్లలను నాయనమ్మే పెంచింది, ఎవరూ గంటలు లెక్కపెట్టలేదు, ఆమె 91 ఏళ్లు బతికింది. మనవలను చూసుకునేవారు ఎక్కువకాలం బతుకుతారని జర్మనీలో తేల్చారని పత్రికలో చదివాను. నాకు 72. మనవడిని బడి దగ్గర దింపి తీసుకురావడం వల్లనే రోజూ నాలుగు అడుగులు నడుస్తున్నాను. అమ్మమ్మ ప్రేమకు గంటల కొలత పెడితే రేపు ఆమెకు సెలవు చీటీ కూడా రాయిస్తారు.

సమాధానం: జనరల్ మెడిసిన్ వైద్యుడు, గుంటూరు

అయ్యా, మీరు చదివినది నిజమే. బెర్లిన్‌లో 70 ఏళ్లు పైబడిన అయిదు వందల మందికి పైగా వృద్ధులను దాదాపు ఇరవై ఏళ్లు గమనించారు, మనవలను చూసుకున్నవారు ఎక్కువకాలం బతికారు. కానీ వారు అప్పుడప్పుడు చూసుకునేవారు. పిల్లల పెంపకం మొత్తం తమ మీదే ఉన్న తాతలను, అమ్మమ్మలను ఆ లెక్కలో చేర్చలేదు. మీరు చేస్తున్న పని, అంటే బడికి దింపి తీసుకురావడం, సరిగ్గా ఆ కోవలోనిదే. చేతనైనన్నాళ్ళు చేయండి.

మీ నాయనమ్మగారి సంగతి కూడా ఆలోచించండి. ఆరుగురు పిల్లలను ఆమె ఒక్కరే పెంచలేదు. అదే వాకిట్లో తోడికోడళ్ళు, ఆడపడుచులు, పెద్ద మనవరాళ్ళు, ఇరుగుపొరుగు ఉన్నారు. బిడ్డ చేతులు మారేది. పదో అంతస్తులో తలుపు వేసుకున్న ఇంట్లో ఒక స్త్రీ, ఒక బిడ్డ, ఇద్దరే పదకొండు గంటలు ఉండడం మన సంప్రదాయంలో ఎన్నడూ లేదు. అది కొత్తది. సెలవు చీటీ మాట మీరు వెక్కిరింపుగా అన్నారు కానీ, నేను గత నెలలో ఒకరికి నిజంగానే రాసిచ్చాను.

సమాధానం: ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, రాజంపేట ప్రాంతం

ఇక్కడి మాటలన్నీ చదివాను. మా వైపు పరిస్థితి వేరు, ఆ సంగతి కూడా చెప్పకపోతే ఈ విషయం సగమే అవుతుందనిపించి రాస్తున్నాను. మా కడప సీమ నుండీ, గోదావరి జిల్లాల నుండీ ఎందరో స్త్రీలు ఇంటిపని చేయడానికి కువైట్ వెళ్ళారు. నా తరగతిలో కొందరు పిల్లలు అవ్వ దగ్గరే పెరుగుతున్నారు. వారానికి ఎన్ని రోజులు చూసుకోవాలి అని ఆ అవ్వలను అడిగితే నవ్వుతారు.

ఒక అవ్వకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ ఉచితంగా చేస్తామన్నారు, వాహనం కూడా వస్తుందన్నారు. అయినా రెండేళ్లు వాయిదా వేసింది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు వంగకూడదు, బరువులెత్తకూడదు, కంటికి పొగ, నీళ్ళు తగలకూడదు కదా. ఆ కొన్నాళ్ళు ఇద్దరు పిల్లలకు అన్నం ఎవరు వండాలి? కువైట్‌లో ఉన్న కూతురికి రెండేళ్ల ఒప్పందం ముగిసేదాకా సెలవు దొరకదు. మసక చూపుతోనే పొయ్యి వెలిగించి ఒకసారి చేయి కాల్చుకుంది. కూతురు ఫోనులో అడిగితే, "నాకేం, బాగుండాను" అనేది.

నిరుడు వేసవి సెలవులకు ముందు నేనూ, ఇంకో ఉపాధ్యాయురాలూ ఆ వీధివాళ్ళతో మాట్లాడాము. రెండు వారాల పాటు ఉదయం ఒక ఇంటి నుండి, రాత్రి మరొక ఇంటి నుండి పిల్లలకు అన్నం వచ్చేలా, బడి ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంటుంది కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే ఆపరేషన్ జరిగేలా చూశాము. పెద్ద పిల్ల, తొమ్మిదేళ్లది, వేళకు కంటి చుక్కలు వేసింది. అంతే. రెండేళ్లుగా ఆగిపోయిన పనికి కావలసి వచ్చినది నలుగురి భోజనం ఖర్చు కంటే ఎక్కువేమీ కాదు.

అవ్వకు ప్రభుత్వం నెలకు 4,000 రూపాయలు పింఛను ఇస్తుంది. అది ఆమె మందులకని అందరూ అనుకుంటారు. పిల్లల చెప్పులకూ, నోటుపుస్తకాలకూ పోగా మిగిలినదానితోనే ఆమె బీపీ మాత్రలు కొంటుంది, మిగలకపోతే రోజు విడిచి రోజు వేసుకుంటుంది. దూరదేశాల నుండి డబ్బు పంపేవారు ఇది చదివితే, మందుల డబ్బును ఇంటి ఖర్చులో కలపకుండా వేరుగా పంపమని నా మనవి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత ఆసుపత్రి చికిత్సను 2024 అక్టోబరు నుండి అమలులోకి తెచ్చారు, కార్డు తీయించి పెట్టండి. వృద్ధులకు ఏ సాయం కావాలన్నా 14567కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

సమాధానం: తెనాలి ఆడపడుచు, హైదరాబాదు

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి క్షమించండి.

డాక్టరుగారు ఊహించినది అక్షరాలా నిజమైంది. అమ్మ వాడుతున్నది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ కలిసిన మాత్ర. ఒకరోజు పదకొండు గంటలకు ఆమె నీరసంగా ఉందని పనిమనిషి ఫోను చేస్తే, గ్లూకోమీటరుతో చూడమన్నాను. 58 వచ్చింది. ఇక్కడి వైద్యుడు మాత్ర మార్చారు. ఈసీజీలో దోషమేమీ లేదు. అప్పటి నుండి పాపకు తొమ్మిదిన్నరకు ఉగ్గు పెట్టేముందే అమ్మ తింటుందన్నది ఇంట్లో నియమం. నేను ఆఫీసు నుండి ఫోను చేసి మొదట ఆ సంగతే అడుగుతున్నాను. మొదటి రోజు అడిగినప్పుడు అవతల కాసేపు మాట రాలేదు. బెంగళూరు నాయనమ్మగారికి నా నమస్కారాలు.

పాప స్నానం మావారి పని అయింది. వాష్‌బేసిన్ పక్కన ఎత్తైన బల్ల మీద తొట్టి పెట్టి ఉదయం ఏడుకే చేయిస్తున్నారు. నీళ్ళు ఇల్లంతా చల్లుతున్నారని అమ్మ ఫిర్యాదు. మందులన్నీ బీరువాలోకి వెళ్ళాయి. వెతికితే దిండు కింద రెండు మాత్రలు నిజంగానే దొరికాయి.

ఉద్యోగులు 50 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడే పెట్టారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మా సంస్థకు దగ్గరలోని ఒక క్రెష్‌తో ఏర్పాటు ఉందట, సెలవు నుండి తిరిగి వచ్చినప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వైద్యుడి ముందు కూర్చొని మాట్లాడాక, రోజులు ఆమెనే ఎంచుకోమన్నాను. సోమ, బుధ, శుక్రవారాలు పాప తన దగ్గర ఉండాలంది. మంగళ, గురువారాలు క్రెష్. మొదటి మంగళవారం అమ్మ నాతో వచ్చి, అక్కడి ఆయమ్మ చేతులు కడుక్కుంటుందో లేదో చూసి, పాపకు పప్పన్నం ఎలా కలపాలో చెప్పి, ఇంటికి వెళ్ళి రెండు గంటలు నిద్రపోయిందట. పగటిపూట నిద్రపోవడం ఎనిమిది నెలలలో అదే మొదలు. పాప మాత్రం రెండు వారాలు ఏడ్చింది, ఇప్పుడు జలుబు తెచ్చింది.

చేతికి పట్టీ కట్టుకుంటోంది, నొప్పి సగం తగ్గిందంటోంది. మూడు నెలల సగటు పరీక్షకు ఇంకా సమయం ఉంది. రాత్రి పాప ఎవరి పక్కన పడుకుంటుందని అడిగారు. అమ్మ పక్కనే పడుకునేది, ఇప్పుడు మా గదిలోకి మార్చాము. అర్ధరాత్రి పాప లేస్తే గోడ అవతల అమ్మ కూడా లేచి కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. దానికి ఏం చేయాలో తెలియలేదు.

నాన్నగారి సంగతి తేలలేదు. ఒంటరిగా ఉండి, వండుకోవడం బద్ధకించి, రెండు పూటలా ఊరగాయ అన్నంతో గడుపుతున్నారని పక్కింటి పిన్నిగారు చెబితే తెలిసింది. బీపీ చూపిస్తే 160 ఉందట. మినుము కోత అయ్యాక అమ్మను మూడు వారాలు ఊరికి పంపుతాము, ఆ మూడు వారాలు మేమిద్దరం సెలవులు పంచుకుంటాము. ఆ తరువాత ఇద్దరూ కలిసి ఇక్కడికి రావాలని అడిగాను. గేదెను ఎవరికి అప్పగించాలో చూసుకొని చెబుతానన్నారు.